గురువారం గురక

కునుకు మామయ్యకు ఉన్నది ఒకే ఒక్క అవలక్షణం. ఎదుటి మనిషి కష్టం చెప్పుకోవడం మొదలుపెడితే చాలు, ఆయనకు నిద్ర ముంచుకొస్తుంది. మామూలు కబుర్లకు రాదు. కూరగాయల ధరల గురించి, ఎన్నికల గురించి, పక్కింటివాళ్ళ కుక్క గురించి ఎంతసేపు చెప్పినా కళ్ళు ఇంతింత చేసుకుని వింటాడు. "మనసేం బాగాలేదండీ" అన్న మాట చెవిన పడిందా, తల ముందుకు వాలిపోతుంది, చేతులు పొట్ట మీదకు చేరుకుంటాయి, గురక మొదలవుతుంది. ఆ గురకకూ ఒక పద్ధతి ఉంది. సన్నగా మొదలై, మెల్లగా ఊపందుకుని, ఠక్కున ఆగి, చివర్లో చిన్న ఈల వేస్తుంది.

ఇలాంటి మనిషి ఏ పార్కు బెంచీ మీదో ఉంటే ఎవరికీ పేచీ లేదు. కానీ ఆయన ప్రార్థన మందిరంలో, మనసు బాగాలేనివాళ్ళ మాట వినడానికని ఏరికోరి కూర్చోబెట్టిన స్వచ్ఛంద సేవకుడు. ఆయన్ను ఏరిందీ కోరిందీ పాస్టరుగారు. అనుభవించింది మాత్రం పెద్ద టీచరు గారు.

పెద్ద టీచరు గారంటే హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ మడత చెదరని చీర, నుదుటి మీద ముడత చెదరని ముఖం. "మనసు జబ్బు చేయడం విశ్వాసం తక్కువై కాదు, ఒంటికి జ్వరం వచ్చినట్టే అదీను" అని పాస్టరుగారు ఒక ఆదివారం ప్రకటించి ఆదరణ పరిచర్య మొదలుపెట్టినప్పుడు, దాన్ని నడిపే బాధ్యత ఆవిడ మీద పడింది. పాత కుర్చీలు, మోగని మైకులు పడేసుకునే గదిని ఆవిడ ఖాళీ చేయించింది. తలుపుకు పరదా కట్టించింది. ఎదురెదురుగా రెండు పేము కుర్చీలు, తిరిగినప్పుడల్లా టక్కుమనే ఒక టేబుల్ ఫ్యాను పెట్టించింది. పెద్దాసుపత్రి నుంచి మనసు జబ్బుల డాక్టరమ్మను పిలిపించి సేవకులందరికీ శిక్షణ ఇప్పించింది. కళ్ళలోకి చూస్తూ వినాలి, మధ్యలో అడ్డు రాకూడదు, విన్నది బయటికి పొక్కనివ్వకూడదు, పరిస్థితి చేయి దాటేలా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా తన దగ్గరికి తీసుకురావాలి అని డాక్టరమ్మ చెప్పింది.

ఆ శిక్షణలో మామయ్య మొదటి వరసలో కూర్చుని, కన్ను ఆర్పకుండా విని, చివర్లో లేచి ఒక ప్రశ్న వేశాడు.

"అమ్మా, ఎదురుగా ఒకరు గుడ్లప్పగించి చూస్తూ ఉంటే, ఎవరైనా ఏడవగలరా?"

అందరూ నవ్వారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఆలోచించాల్సిన విషయమే" అంది. పెద్ద టీచరు గారికి అది వెనక బెంచీ కుర్రాళ్ళు వేసే ప్రశ్నలా తోచి, ఆయన పేరుకు అప్పుడే మనసులో ఒక ఎర్ర గీత పెట్టుకుంది.

ఇక పరిచర్య మొదలైంది. సోమవారం పెద్ద టీచరు గారి వంతు. వచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఆవిడ కళ్ళలోకి కళ్ళు పెట్టి చూస్తే చేయని తప్పులు కూడా ఒప్పేసుకోవాలనిపిస్తుంది గానీ, కష్టం గొంతు దాటదు. మంగళవారం పాస్టరమ్మది. ఆవిడది వెన్నలాంటి మనసు, సగం వినేసరికే వెక్కివెక్కి ఏడ్చేది, వచ్చినవాళ్ళు ఆవిడను ఓదార్చి, మంచినీళ్ళు తాగించి, ఇంటికి దిగబెట్టి వెళ్ళవలసి వచ్చేది. బుధవారం బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే పరిష్కారం చెప్పేవాడు. గురువారం మధ్యాహ్నం కునుకు మామయ్య.

మొదటి గురువారం బేకరీ ఆవిడ వెళ్ళింది. గదిలోంచి గురక వినిపించింది. కాసేపటికి ఆవిడ ముక్కు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. వరండాలో కాపు కాసిన పెద్ద టీచరు గారికి ఒళ్ళు మండింది.

"ఆయన నిద్రపోయాడా?"

"సుబ్బరంగా నిద్రపోయారండీ! నేను చెప్పేది సగంలో ఉండగానే."

"సిగ్గుచేటు. వచ్చే వారం మీకు వేరేవాళ్ళను పెడతాను."

"అయ్యో, వద్దండీ! ఆయనే ఉండనివ్వండి. మిగతా సగం చెప్పాలి కదా."

పెద్ద టీచరు గారు నోరెళ్ళబెట్టింది. నిద్రపోయేవాడికి మిగతా సగం చెప్పడమేమిటో ఆవిడకు బోధపడలేదు. పై వారానికి గురువారం వరండాలో బెంచీ నిండింది. ఆ పై వారానికి మరో బెంచీ వేయించవలసి వచ్చింది. సోమవారం మాత్రం ఆవిడా, ఫ్యానూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చునేవారు.

ఆవిడ ఊరుకునే రకం కాదు. మామయ్యకు పేము కుర్చీ తీసేసి చేతుల్లేని చెక్క కుర్చీ వేయించింది. ఆయన దాని మీద కూడా నిద్రపోయాడు. ఫ్లాస్కునిండా చిక్కటి కాఫీ తెచ్చి దగ్గరుండి తాగించింది. కాఫీ బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని మరీ నిద్రపోయాడు.

"ఏమిటి అన్నయ్యగారూ ఈ నిద్ర?" అని నిలదీసింది.

"ఏం చేయనమ్మా! న్యూస్‌పేపరు ప్రెస్సులో ఇన్నేళ్ళూ రాత్రి డ్యూటీ చేసినవాణ్ణి. మెషీన్ల హోరులో బతికాను. మనిషి మెత్తగా మాట్లాడితే చాలు, ఈ ఒళ్ళు జోలపాటే అనుకుంటుంది."

"మరి పాస్టరుగారి ప్రసంగానికి నిద్ర రాదేం?"

అది ఆవిడ బ్రహ్మాస్త్రం. ఎందుకంటే ఆదివారం ప్రసంగం మూడో అంశంలోకి వచ్చేసరికి సంఘంలో సగం తలలు వాలిపోతాయి. ఆ వాలిన తలల మధ్య నిటారుగా కూర్చునేది కునుకు మామయ్య ఒక్కడే.

"పాస్టరుగారు గట్టిగా అరుస్తారు కదమ్మా" అన్నాడు మామయ్య వినయంగా.

ఇది చాలదన్నట్టు ఆయన ఇంకో పని కూడా మొదలుపెట్టాడు. లారీల మెకానిక్ ఒకడు ఉన్నాడు. ఆరడుగుల మనిషి, ఇంజను ఒంటిచేత్తో ఎత్తేలా ఉంటాడు గానీ కొన్నాళ్ళుగా షెడ్డు తలుపు తీయడం మానేశాడు. భార్య బతిమాలి గురువారం పంపింది. లోపలికి వెళ్ళినవాడు చాలాసేపు ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే మామయ్య గొడుగు పట్టుకుని అతని ఇంటికి దిగాడట.

"నాయనా, ఈ నిద్ర జబ్బు బాగా ముదిరిపోయింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మకు చూపించుకోవాలి. ఒక్కణ్ణే బస్సెక్కితే నిద్రపోయి డిపోలో తేలతాను. కాస్త తోడు రా."

మెకానిక్ జాలిపడి వెళ్ళాడు. ఆసుపత్రిలో మామయ్య, "నా వంతు వచ్చేసరికి ఎలాగూ టైము పడుతుంది. ఇంత దూరం వచ్చావు, ఊరికే కూర్చోవడమెందుకు, నువ్వూ ఒకసారి చూపించుకో" అన్నాడట. అలా మెకానిక్ డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు. మందులు మొదలయ్యాయి, షెడ్డు తలుపు తెరుచుకుంది. కొన్ని వారాల తర్వాత టైలరమ్మను తోడు తీసుకెళ్ళాడు. ఆ తర్వాత కాలేజీ లెక్చరర్ను. అందరినీ కాదు, కొందరినే.

పెద్ద టీచరు గారు ఇదంతా పాస్టరుగారి ముందు పెట్టింది. "చూశారా, వినమని కూర్చోబెడితే నిద్రపోతున్నాడు. పైగా కష్టాల్లో ఉన్నవాళ్ళను తన రోగానికి తోడు తిప్పుకుంటున్నాడు! సాయం చేసేవాడా, చేయించుకునేవాడా ఈయన?"

పాస్టరుగారు గడ్డం గోక్కున్నారు. "పరిచర్య మీది. మీరే తేల్చండి టీచరుగారూ."

సరే, ఈ గురువారమే ఆఖరు అని ఆవిడ తేల్చేసుకుంది. 

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. సంఘంలో ఎవరికీ తెలియనిది, ఆవిడ ఇంట్లో కొడుకుకూ కోడలికీ తెలియనిది. రిటైరైన దగ్గర నుంచి పెద్ద టీచరు గారి మనసు బాగాలేదు. పొద్దున్నే స్కూలు గంట కొట్టే వేళకు గుండె దడదడలాడుతూ మెలకువ వస్తుంది, లేవబుద్ధి కాదు. ఎలాగో లేచి, బాత్రూములో కొళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడుస్తుంది. ఎందుకు ఏడుస్తోందో ఆవిడకే తెలియదు. తర్వాత ముఖం కడుక్కుని, ఇస్త్రీ చీర కట్టుకుని, మందిరానికి వచ్చి మైకు ముందు నిలబడి "మనసు విప్పి చెప్పుకోండి" అంటుంది. తనకు చెప్పుకునే చోటు లేదు. చెబితే అంతమందికి ధైర్యం చెప్పే మనిషికే ఈ గతా అంటారని భయం. కోడలు మాత్రం ట్యాంకులో నీళ్ళు ఎందుకు ఇట్టే అయిపోతున్నాయో అంతుబట్టక, ప్లంబరును పిలిపించి పైపులన్నీ వెతికించింది. ఎక్కడా చుక్క కారడం లేదని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

ఆ గురువారం కుండపోతగా వాన. వరండాలో బెంచీలు ఖాళీ. మామయ్య ఒక్కడూ గదిలో కూర్చుని ఫ్యాను తిరగడం చూస్తున్నాడు. పెద్ద టీచరు గారు గొడుగు దులిపి, లోపలికి వచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుంది.

"అన్నయ్యగారూ, మీతో ఖరాఖండిగా మాట్లాడాలి."

"మాట్లాడండమ్మా" అన్నాడు మామయ్య కళ్ళు ఇంతింత చేసుకుని.

"వినడమంటే ఏమనుకుంటున్నారు మీరు? ఒక మనిషి తన బాధ చెప్పుకోవడానికి ఇక్కడిదాకా రావాలంటే ఎంత కష్టం!"

తల వాలిపోయింది. చేతులు పొట్ట మీదకు చేరాయి.

"ఇదిగో, ఇదే! తిడుతుంటే కూడా నిద్రేనా? లేవండి!"

గురక సన్నగా మొదలైంది. ఆవిడకు తిక్క నషాళానికి ఎక్కింది. నిద్రపోయినా సరే, అనదలచుకున్నది అని తీరాలనుకుంది. "మీకేం తెలుసు? నెలల తరబడి గొంతులో పెట్టుకుని తిరుగుతారు. నవ్వుముఖం తగిలించుకుని వస్తారు. ఇంట్లో ఎవరికీ వినపడకుండా కొళాయి తిప్పుకుని ఏడ్చి, చీర సర్దుకుని…"

ఆవిడ నోరు ఠక్కున ఆగింది. ఆ మాట అనాలని ఆవిడ అనుకోలేదు. పరదా వైపు చూసింది. ఎవరూ లేరు. వాన కురుస్తోంది. ఎదురుగా మనిషి ఒళ్ళు తెలియకుండా గురకపెడుతున్నాడు, చివర్లో ఈలతో సహా. ఈ మనిషికి చెబితే గోడకు చెప్పినట్టే. గోడకు చెబితే పరువు పోదు కదా అనిపించింది.

"మా ఆయన పోయిన రోజు నేను కుర్చీలు వేయించాను అన్నయ్యగారూ" అంది మెల్లగా. "వచ్చినవాళ్ళకు నీళ్ళు అందాయో లేదో చూసుకున్నాను. ఎంత గుండె నిబ్బరం అని అందరూ మెచ్చుకున్నారు. నిబ్బరమూ లేదు, ఏమీ లేదు. చేతిలో పని ఉంది, అంతే. తర్వాత స్కూలుంది. పరీక్షలు, పిల్లలు, మీటింగులు, ఎప్పుడూ ఏవో కుర్చీలు వేయించడమే. ఇప్పుడు ఏ పనీ లేదు. పొద్దున లేవడం ఎందుకో తెలియట్లేదు. ఒక్కోసారి లేవకుండా ఉండిపోతే బాగుండుననిపిస్తోంది."

అక్కడ గురక ఒక్క క్షణం తడబడినట్టు అనిపించింది. ఫ్యాను చప్పుడేమో అనుకుంది. మళ్ళీ గురక ఊపందుకుంది, ఆవిడ మాటా ఊపందుకుంది. భర్త పోయినప్పుడు రాని ఏడుపు, ఇన్నేళ్ళూ దాచిన ఏడుపు, కొళాయి అవసరం లేకుండా వచ్చింది. ఇస్త్రీ కొంగు ముద్దయింది.

వాన తగ్గేసరికి మామయ్య ఒళ్ళు విరుచుకుని కళ్ళు తెరిచాడు. అప్పటికి ఆవిడ ముఖం తుడుచుకుని బిగించుకుని కూర్చుంది.

"అయ్యో, కన్నంటుకుంది. ఏమన్నారమ్మా? ఏదో ఖరాఖండి అన్నారు?"

"ఏం లేదు లెండి. తర్వాత చూద్దాం."

"అమ్మా, ఒక్క సాయం. ఈ నిద్ర జబ్బు భరించలేకపోతున్నాను. రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. కాస్త తోడు వస్తారా?"

పరిచర్య నడిపే మనిషిగా ఆయన జబ్బు నయం చేయించడం తన ధర్మమని ఆవిడకు తోచింది. వస్తానంది. తనను కూడా తోడు పిలిచాడంటే ఏమిటో అప్పటికింకా ఆవిడ బుర్రకు తట్టలేదు.

మర్నాడు పొద్దున ఆయన ఇంటికి వెళితే, ఆయన లోపల గొడుగు వెతుక్కుంటున్నాడు. భార్య కాఫీ ఇచ్చింది.

"ఎలా వేగుతున్నారు వదినగారూ, ఈ నిద్ర జబ్బుతో?" అని పరామర్శించింది పెద్ద టీచరు గారు.

"నిద్ర జబ్బా? ఎవరికి?"

"అన్నయ్యగారికే."

ఆవిడ పకపకా నవ్వేసింది. "ఈయనకు నిద్ర ఎక్కడుందండీ! ప్రెస్సు మానేసిన దగ్గర నుంచి కన్ను మూతపడదు. అప్పట్లో మనసు పాడైపోయి మూలన కూర్చునేవారు, నోట మాట లేదు. డాక్టరమ్మే మందిచ్చి మనిషిని చేసింది. ఇప్పటికీ మాత్ర వేసుకుంటేనే కాస్త కునుకు."

"మరి ఆ గురక?"

"గురకా? మా ఇంట్లో గురక నాదండీ. ఈయన అసలు పెట్టరు."

పెద్ద టీచరు గారు కప్పు కింద పెట్టింది. "సన్నగా మొదలై, ఊపందుకుని, ఠక్కున ఆగి…"

"నాదే!"

"చివర్లో ఈల."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఈల నాది కాదండీ. నా గురకలో ఈల లేదు, మా అమ్మాయి ఫోనులో రికార్డు చేసి వినిపించింది కూడాను. ఈల ఒక్కసారే వేశాను. ఈయన బాగాలేని రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పడుకుంటే, పక్కన కూర్చుని తనలో తను మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అన్ని నెలల తర్వాత అదే మొదటి మాట. నాకు మెలకువ వచ్చేసింది. గురక ఆపితే ఈయన మాట ఆపేస్తారని, దొంగ గురక పెడుతూ పడుకున్నాను. ఆ కంగారులో ఈల వచ్చింది. కళ్ళు తెరవకుండా అంతా విన్నాను. ఈయనకు తెలియదనే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ."

మళ్ళీ లోపలి గది వైపు చూసింది. "ఈయనకు తెలుసన్నమాట" అంది. సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

లోపలి నుంచి మామయ్య గొడుగుతో వచ్చాడు. "పదండమ్మా, బస్సు తప్పిపోతుంది."

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, పట్టపగ్గాల్లేని ఉత్సాహంతో ప్రతి దుకాణం బోర్డూ చదువుతున్నాడు. పెద్ద టీచరు గారు కాసేపు ఆయన్నే చూసింది. బేకరీ ఆవిడ మిగతా సగం, మెకానిక్ షెడ్డు, శిక్షణలో వేసిన వెనక బెంచీ ప్రశ్న, అన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. తను చెప్పిందంతా ఈయన విన్నాడు. ప్రతి ముక్కా విన్నాడు. ముందు తల కొట్టేసినట్టయింది. తర్వాత, విచిత్రంగా, గుండె తేలికైంది. ఒక పరీక్ష పెట్టి చూద్దామనిపించింది.

"అన్నయ్యగారూ, నా మనసేం బాగాలేదు."

సగం చదివిన బోర్డు నోట్లోనే ఉండగా తల టక్కున వాలిపోయింది. చేతులు పొట్ట మీదకు చేరాయి. ఈలతో సహా గురక మొదలైంది. పెద్ద టీచరు గారు నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. కండక్టరు వెనక్కి తిరిగి చూసేంత నవ్వు. అంత నవ్వుకూ మామయ్య మాత్రం లేవలేదు. ఒప్పుకున్న పని సగంలో వదిలే మనిషి కాదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తలుపు తీసి ఆయన్ను చూసింది. "నిద్ర జబ్బుకు ఈసారి తోడెవరు?"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "మా టీచరమ్మండీ. అమ్మా, ఇంత దూరం వచ్చారు కదా, ఊరికే కూర్చోవడమెందుకు…"

"నేనూ ఒకసారి చూపించుకుంటాను" అని ఆయన మాట పూర్తి కాకుండానే పెద్ద టీచరు గారు లేచి లోపలికి నడిచింది. ఇన్నాళ్ళూ తనదే అనుకున్న మాట ఎవరో లాగేసుకున్నట్టు మామయ్య గొడుగు పట్టుకుని తెల్లబోయి నిలబడ్డాడు.

మందులూ మాటలూ కలిసి పనిచేయడానికి కొంతకాలం పట్టింది. ఆవిడ కొడుకుకూ కోడలికీ కూడా చెప్పింది, కొళాయి సంగతి ఒక్కటి తప్ప. కోడలు అత్తగారి చేయి పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ట్యాంకులో నీళ్ళు సాయంత్రందాకా నిలవసాగాయి. ఈ సంతోషంలో కోడలు ప్లంబరు పనితనాన్ని నలుగురికీ చెప్పింది.

మామయ్యను తీసేసే సంగతి ఏమైందని పాస్టరుగారు అడిగారు. "ఆదివారం నేనే ప్రకటిస్తాను" అంది పెద్ద టీచరు గారు. మైకు ముందు నిలబడి, హెడ్మిస్ట్రెస్ గొంతుతో, సంఘమంతా ఉలిక్కిపడేలా చెప్పింది.

"అందరూ జాగ్రత్తగా వినండి. గురువారం సేవకుడు నిద్రపోతాడు. నిద్రపోయాడంటే చెవి దగ్గర డప్పు కొట్టినా లేవడు, ఒక్క ముక్క వినడు. ఎంత చెప్పినా మారలేదు. మీరు ఏం చెప్పినా ఆయనకు తెలియదు. అభ్యంతరం ఉన్నవాళ్ళు మిగతా రోజుల్లో రండి."

ఆ గురువారానికి వరండాలో మూడో బెంచీ వేయించారు.

బెంచీ చివర తన వంతు కోసం పెద్ద టీచరు గారు కూడా కూర్చుంది. సాయంత్రానికి పిలుపు వచ్చింది. పరదా తీసి లోపలికి అడుగుపెట్టేసరికే గురక వినిపించింది.

"తొందరపడ్డారు అన్నయ్యగారూ" అంది ఆవిడ. "నేనింకా కూర్చోలేదు."

మామయ్య ఒక కన్ను తెరిచాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, కొంగు సర్దుకుని, కుదురుగా కూర్చునేదాకా ఆగాడు. అప్పుడు కన్ను మూసుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.